లేజర్ అనగానే వైరస్ లొంగిపోదు

తిరుపతిలో మేముంటున్న అపార్టుమెంటుకు ఈమధ్య ఒక వ్యాపార ప్రతినిధి వచ్చి, లిఫ్టుకూ కింది అంతస్తులోని ఏసీ హాలుకూ పనికొస్తుందంటూ ‘యూవీ లేజర్’ పరికరం ఒకదాన్ని చూపించి వెళ్లాడు. టార్చిలైటంత ఉన్న ఆ వస్తువు మీట నొక్కగానే లిఫ్టు స్టీలు గోడ మీద ముదురు ఊదారంగు చుక్క పడింది. అదే చుక్కను తెల్లకాగితం మీదికి తిప్పితే కాగితం నీలంగా మెరిసింది. చూస్తున్నవాళ్లు ఆ మెరుపునే రుజువుగా తీసుకున్నారు. నిజానికి కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు ఇలాంటి ఊదా వెలుగు ఏది పడినా అలాగే మెరుస్తాయి, వైరస్‌కూ దానికీ సంబంధం లేదు. ధరెంత, గ్యారంటీ ఎన్నేళ్లు, వాయిదాల్లో ఇస్తారా అని అడిగారు గానీ, ఆ వెలుగు తరంగదైర్ఘ్యం, అంటే దాని అల పొడవు, ఎంతని ఎవరూ అడగలేదు. పెట్టె తిప్పి చూస్తే అడుగున సన్నటి అక్షరాల్లో 405 నానోమీటర్లు అని ఉంది.

భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ సంఖ్య చూడగానే నాకు కొనే ఉత్సాహం పోయింది. అయితే వద్దని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటే ఎదుటివాళ్లకు అది పెద్దాయన చాదస్తంలా తోస్తుంది. అతినీలలోహిత (యూవీ) లేజర్ వైరస్‌లను పనికిరాకుండా చేయగలదన్నది అబద్ధం కాదు, ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు చూపించిన విషయమే. నా వాదన దానికి కాస్త పక్కది: ఆ పని చేయించేది తరంగదైర్ఘ్యమూ, మోతాదూ. వెలుగు లేజర్ నుంచి వచ్చిందా, పాదరసపు దీపం నుంచి వచ్చిందా అన్నదానికి సాధారణ పరిస్థితుల్లో దాదాపు ఏ ప్రాముఖ్యమూ లేదు.

వెలుగు పడితే లోపల జరిగేది

వెలుగు వల్ల రసాయనిక మార్పు జరగాలంటే ఆ వెలుగును పదార్థం ముందు పీల్చుకోవాలి. పీల్చుకోని వెలుగు ఎంత తీక్షణంగా పడినా దాటిపోతుంది లేదా వెనక్కి పోతుంది. జన్యు సమాచారాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలలోని క్షారాలు, అంటే ఆ సమాచారాన్ని రాసే అక్షరాల్లాంటి అణువులు, అన్నిటికంటే గట్టిగా పీల్చుకునేది 260 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగును. అక్కడ ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో వెలుగు తునకకు, 4.8 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి ఉంటుంది. ఆ శక్తిని పుచ్చుకున్న క్షారం పక్కనున్న క్షారంతో కొత్త బంధం కలుపుకుంటుంది: ఆర్‌ఎన్‌ఏలో ఒకే పోగు మీద పక్కపక్కనున్న రెండు యురాసిల్‌లు, డీఎన్‌ఏలో రెండు థైమిన్‌లు ఇలా అతుక్కుపోతాయి. కొన్నిచోట్ల ఆర్‌ఎన్‌ఏ తనను చుట్టి ఉన్న ప్రోటీన్‌కే అంటుకుపోతుంది. నకలు తీసే ఎంజైము ఆ అతుకు దగ్గరికి వచ్చి ముందుకు కదలలేక ఆగిపోతుంది. వైరస్ పైకి చెక్కుచెదరకుండానే ఉండవచ్చు, కణానికి అంటుకుని లోపలికి పోనూ పోవచ్చు, కానీ అక్కడ దాని సంతానం పెరగదు.

ఈ సంగతి తెలిసిన తీరు నాకు ఎప్పుడూ ఆసక్తికరంగా తోస్తుంది. 1930 ప్రాంతంలో ఫ్రెడరిక్ గేట్స్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఎంత మోతాదులో బాక్టీరియా చస్తుందో కొలిచి గీత గీస్తే, అది కేంద్రకామ్లాలు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలు) వెలుగును పీల్చుకునే గీతతో సరిపోలింది. వంశపారంపర్యానికి మూలం ప్రోటీన్లే అయి ఉంటాయని ఎక్కువమంది నమ్ముతున్న కాలమది. డీఎన్‌ఏ పాత్రను ఏవరీ బృందం చూపించింది 1944లో. అంటే క్రిమి ప్రాణం ఎక్కడుందో వెలుగు అప్పటికే వేలు పెట్టి చూపించింది, చూసినవాళ్లు తక్కువ.

వైరస్‌కు తన గాయాన్ని తాను మాన్పుకునే సరంజామా సాధారణంగా ఉండదు. దాని జన్యువులో ఒక్క గాయం పడినా చాలనుకుంటే, సగటున ఒక్కో వైరస్‌కు ఏడు గాయాలు పడే మోతాదు ఇచ్చినప్పుడు ఏ గాయమూ పడకుండా తప్పించుకునేవి వెయ్యిలో ఒక్కటికి మించవు. కరపత్రాల మీద ఉండే 99.9 శాతం అంటే ఇంతే. అందులో మాయ లేదు, వానలో తడవకుండా మిగిలిన గులకరాళ్లను లెక్కపెట్టడం వంటి సంభావ్యత లెక్క అది. అయితే మోతాదు ఎంతో చెప్పకుండా, ఏ వైరస్ మీద, ఏ ఉపరితలం మీద అన్నది చెప్పకుండా 99.9 అని అచ్చు వేస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఇక్కడే చాలామందిని తికమకపెట్టిన సంగతి ఒకటుంది. యూవీ కొట్టిన తర్వాత తీసిన నమూనాకు ఆర్‌టీ-పీసీఆర్ చేస్తే పాజిటివ్ రావచ్చు. దాన్ని చూసి యూవీ పనిచేయలేదని తేల్చేవాళ్లున్నారు. కరోనా వైరస్ జన్యువు పొడవు దాదాపు 30 వేల క్షారాలు. పీసీఆర్ వెతికేది అందులో వంద క్షారాల చిన్న ముక్కను. మొత్తం పొడవులో ఏడు గాయాలు చెదురుమదురుగా పడితే, వాటిలో ఒకటి ఆ చిన్న ముక్కలోనే పడే అవకాశం నూటికి రెండో మూడో. మిగతా సందర్భాలన్నిటిలో ముక్క భద్రంగా ఉంటుంది, పరీక్ష దాన్ని పట్టుకుంటుంది, వైరస్ మాత్రం అప్పటికే దేనికీ కొరగాకుండా పోయి ఉంటుంది. వైరస్ పనికిరాకుండా పోయిందో లేదో తెలియాలంటే దాన్ని బతికున్న కణాల మీద వేసి పెరుగుతుందా లేదా అని చూడవలసిందే.

లేజర్ అదనంగా ఇచ్చేదేమిటి

లేజర్ వెలుగు ఒకే రంగుది, ఒకే దిశలో పోతుంది, దాని తరంగాలు అడుగు కలిపి నడుస్తాయి. వీటిలో మొదటిదానికి మాత్రమే ఇక్కడ కొంత ప్రయోజనం ఉంది, అదీ సరైన రంగు అయినప్పుడు. ఫోటాన్‌ను పీల్చుకునే యురాసిల్‌కు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే మార్గం లేదు. తీవ్రతను కాలంతో హెచ్చిస్తే వచ్చే మోతాదే లెక్కకొస్తుంది. దాన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీజౌళ్లు అని చెబుతారు.

ఒకే దిశలో పోవడమన్నది గొప్ప గుణమే గానీ, గదిని శుభ్రం చేయవలసి వచ్చినప్పుడు అదే లోపమవుతుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. చదరపు మీటరు బల్ల మీద చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీజౌళ్లు పడాలంటే మొత్తం 100 జౌళ్లు కావాలి. చేతిలో పట్టే పరికరం నిజంగానే 266 నానోమీటర్ల లేజర్ అనుకుని, దాని శక్తి 5 మిల్లీవాట్లు అనుకుంటే, ఒక్క చుక్క కూడా వృథా కాకుండా బల్లంతా అలికినట్టు తిప్పడానికి ఐదున్నర గంటలు పడుతుంది. క్రిములను చంపే 30 వాట్ల పాదరసపు దీపం తన విద్యుత్తులో దాదాపు మూడో వంతును 254 నానోమీటర్ల వెలుగుగా మారుస్తుంది. ఆ పది వాట్లూ బల్ల మీదే పడితే పది సెకన్లు చాలు. వెలుగు నాలుగు వైపులా చెదిరిపోతుందని లెక్కగట్టి పదింతలు వేసుకున్నా రెండు నిమిషాలు దాటదు.

పైగా 266 నానోమీటర్ల లేజర్ టార్చిలైటు ధరకు దొరికే వస్తువు కాదు. ఆ ప్రాంతపు వెలుగునిచ్చే లేజర్ డయోడ్‌ను, 271.8 నానోమీటర్ల దాన్ని, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం, అసాహి కాసే కంపెనీ పరిశోధకులు చూపించింది 2019లో, అదీ క్షణాలను ముక్కలు చేసిన స్పందనలుగా (పల్స్‌లుగా). గది ఉష్ణోగ్రత వద్ద నిరంతరంగా వెలగడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. కాబట్టి బజారులో యూవీ లేజర్ పేరిట ఊదారంగు చుక్క వేసే పెన్నులన్నీ దాదాపుగా 405 నానోమీటర్లవే. ఆ వెలుగును ఆర్‌ఎన్‌ఏ పీల్చుకోదు. బాక్టీరియాలో పార్ఫిరిన్లనే పదార్థాలు ఉంటాయి కాబట్టి వాటి మీద అది కొంత పనిచేస్తుంది. వైరస్‌లో అవీ లేవు. కానీ కంటికి మాత్రం ప్రమాదమే. మన కన్ను 405ను మసకగా చూస్తుంది, అందువల్ల రెప్ప ఆలస్యంగా పడుతుంది, ఈలోగా అది రెటీనా దాకా చేరుతుంది. నునుపైన స్టీలు గోడల లిఫ్టులో పిల్లల కంటి ఎత్తున దాన్ని తిప్పి చూపించిన ఆ ప్రతినిధికి ఈ సంగతి తెలిసి ఉండదనే అనుకుంటున్నాను.

గాదంకి ఆకుపచ్చ గీత

ఇంతదాకా చెప్పినదానికి ఎదురు వాదనలు ఉన్నాయి, అవి బలహీనమైనవి కావు.

మన పాకాల దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1998 నుంచి లైడార్, అంటే లేజర్ వెలుగుతో వాతావరణాన్ని పరిశీలించే పరికరం, ఉంది. రాత్రిపూట ఆకాశంలోకి వేసే దాని ఆకుపచ్చ వెలుగు 532 నానోమీటర్లది. కంటికి కనిపించని 1064 నానోమీటర్ల లేజర్‌ను స్ఫటికం గుండా పంపి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే, అంటే తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే, వచ్చేది అదే. అలాంటి ఆకుపచ్చ వెలుగును ఇంకో స్ఫటికం గుండా పంపి మళ్లీ రెట్టింపు చేస్తే సరిగ్గా 266 వస్తుంది, ఆర్‌ఎన్‌ఏ గట్టిగా పీల్చుకునే చోటికి పక్కనే. ప్రయోగశాలల్లో వైరస్‌ల మీద వాడే లేజర్లలో చాలావరకు ఈ జాతివే. ఇవి నానోసెకన్ల, పికోసెకన్ల స్పందనలుగా వస్తాయి. ఆ రెప్పపాటులో తీవ్రత దీపాలు కలలో కూడా అందుకోలేనంత ఉంటుంది. అప్పుడు ఒకే క్షారం మొదటి ఫోటాన్ శక్తి చల్లారక ముందే రెండోదాన్నీ పుచ్చుకుని ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. పర్యవసానంగా పోగులు తెగడం, ప్రోటీన్లతో అతుక్కోవడం వంటి వేరే గాయాలు పెరుగుతాయి. తీవ్రతను కాలంతో హెచ్చిస్తే చాలన్న నా సూత్రం అక్కడ చెల్లదు. అంతేకాదు, 425 నానోమీటర్ల వంటి కనిపించే వెలుగును ఇంకా పొట్టివైన ఫెమ్టోసెకన్ల స్పందనలుగా ఇచ్చి వైరస్‌లను దెబ్బతీసిన ప్రయోగాలూ అమెరికాలో జరిగాయి. అక్కడ మాత్రం వెలుగు లేజర్‌దా కాదా అన్నదే అసలు విషయం.

ఈ వాదనను నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే, ఆ లేజర్లు బల్లంత పరిమాణంలో ఉంటాయనీ, వాటి ముందు పెట్టేది చుక్కంత ద్రవమనీ గుర్తుచేస్తాను.

నా దృష్టిలో లేజర్ ఈ రంగానికి చేసిన పెద్ద మేలు కొలతల్లో ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన, తరంగదైర్ఘ్యాన్ని కావలసినట్టు మార్చుకోగల లేజర్‌తో 210 నుంచి 290 నానోమీటర్ల దాకా ఒక్కో మెట్టుగా అడినోవైరస్ వంటివాటిని పరీక్షించారు. ఈ అడినోవైరస్ గడుసుది. దానికి రెండు పోగుల డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి, గాయంతో కణంలోకి పోయినా ఆ కణపు మరమ్మతు ఎంజైములతోనే బాగు చేయించుకుంటుంది. అందుకే తాగునీటిలోని వైరస్‌లను పదివేలలో ఒకటికి తగ్గించాలంటే అమెరికా నిబంధనలు చదరపు సెంటీమీటరుకు 186 మిల్లీజౌళ్లు అడుగుతాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి అంతే తగ్గింపుకు 22 చాలు. లేజర్ కొలతల్లో తేలిందేమిటంటే, 230 నానోమీటర్ల కిందికి పోయేసరికి ఆ గడుసు వైరస్ కూడా సులభంగా లొంగుతోంది. ఎందుకంటే అక్కడ వెలుగును ప్రోటీన్లే గట్టిగా పీల్చుకుంటాయి, వైరస్ ప్రోటీన్ తొడుగే దెబ్బతింటుంది, దెబ్బతిన్న తొడుగును కణం బాగు చేయదు. దీపంతో ఇంత సన్నగా విడదీసి చూడడం కష్టం.

“గవర్నమెంటోళ్లే వాడినారు గదా సార్”

మా పక్క ఫ్లాటాయన వేసిన ప్రశ్న ఇది. కోవిడ్ సమయంలో ఢిల్లీలోని డీఆర్‌డీఓ లేజర్ ప్రయోగశాల, లాస్‌టెక్, యూవీ పరికరం చేసిన వార్త ఆయనకు గుర్తుంది. ఆ వార్త నిజమే. 2020లో ‘యూవీ బ్లాస్టర్’ పేరుతో గోపురంలా నిలబడే ఆ పరికరం బయటికొచ్చింది. లేజర్లే తమ వృత్తి అయినవాళ్లు ఆ గోపురంలో పెట్టినవి మాత్రం 254 నానోమీటర్ల దీపాలు, ఒక్కొక్కటి 43 వాట్ల చొప్పున ఆరు. పన్నెండడుగుల చదరపు గదికి పది నిమిషాల సమయం, మనుషులు లోపల ఉండకూడదన్న నిబంధన. లేజర్ చేతిలో ఉన్నవాళ్లే గదికి దీపాన్ని ఎంచుకున్నారన్నది నా వాదనకు దొరికిన మంచి సాక్ష్యం.

అయితే దీపానికీ తన తిప్పలున్నాయి. వెలుగు నేరుగా పడని చోట అది పనిచేయదు. లిఫ్టు మీట అంచున వేలి జిడ్డు పేరుకుంటే దాని కింద వైరస్ హాయిగా ఉంటుంది. చర్మం మీదా కళ్ల మీదా పడితే కాల్చుతుంది, కళ్లలో ఇసుక పోసినట్టు మంట కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. యూవీ దీపాలతో చేతులు శుభ్రం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా చెప్పవలసి వచ్చింది.

ఇంకొకటి ఇంటింటా ఉన్న సమస్య. చిత్తూరులో మా బావ ఇంట్లో యూవీ ఫిల్టరు మాత్రమే ఉన్న పాత నీళ్ల యంత్రం ఉంది, దానికి బోరునీళ్లు. నేను అక్కడున్నప్పుడు సర్వీసు కుర్రాడు వచ్చి స్టీలు గొట్టం విప్పి దీపాన్ని బయటికి తీశాడు. దీపం మీదుండే క్వార్ట్జ్ గాజు తొడుగు నిండా సున్నం తెల్లటి పెచ్చుగా కట్టి ఉంది, గోటితో గీస్తే పొడి రాలింది. దీపం రెండు కొసలూ నల్లబడ్డాయి. మార్చమని నేనంటే మా బావ, “లైటు వెలగతానే ఉండాది కదా బావా, బాగున్నదాన్ని మార్చేదెందుకు?” అన్నాడు. కంటికి కనిపించే ఆ నీలి వెలుగు పాదరసం వెదజల్లే ఇతర రంగులది, అసలు పనిచేసే 254 కంటికి కనిపించనే కనిపించదు. సుమారు 9000 గంటలు గడిచేసరికి నీలం అలాగే ఉండి 254 సన్నగిల్లుతుంది. సున్నపు పెచ్చు మిగిలినదాన్నీ ఆపేస్తుంది. మామూలు గాజు గ్లాసును అడ్డం పెట్టినా ఇదే జరుగుతుంది, 254 దాన్ని దాటలేదు.

నీళ్లు తేటగా ఉంటేనే యూవీ లోపలికి దిగుతుంది. మన చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జును డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీలు దాన్ని వేడితో శుద్ధి చేస్తాయి. ఆ చిక్కటి గుజ్జులో అతినీలలోహిత వెలుగు పై పొర దాటి పోదు, అది లేజర్ నుంచి వచ్చినా సరే.

మిద్దె మీద బొంతలు ఆరేసే మన పాత అలవాటును ఇక్కడ గుర్తు చేసుకుంటే తప్పులేదు. ఎండలో 290 నానోమీటర్ల కంటే పొట్టి వెలుగును ఓజోన్ పొర దాదాపుగా ఆపేస్తుంది కాబట్టి మనకు చేరేది బలహీనమైన భాగమే. అయినా 2020లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో, నడివేసవి ఎండతో సమానమైన కృత్రిమ వెలుగు కింద, కృత్రిమ లాలాజలంలో ఎండబెట్టిన కరోనా వైరస్‌లో 90 శాతం ఏడు నిమిషాల్లోపే పనికిరాకుండా పోయింది. తిరుపతి ఎండకు ఆపాటి శక్తి లేదని ఎవరూ అనరు.

మూసిన ఏసీ హాలు

అంతమాత్రాన యూవీనే వద్దని నా ఉద్దేశం కాదు. పెళ్లిళ్ల కాలంలో వందలమంది గంటల తరబడి కూర్చునే మూసిన ఏసీ హాళ్లలో గాలిని శుభ్రం చేయడానికి దానికి నిజమైన స్థానం ఉంది. ఫిలడెల్ఫియా బడుల్లో విలియం వెల్స్ గది పైభాగంలో దీపాలు పెట్టించి, 1941 తట్టు మహమ్మారిలో ఆ తరగతుల్లో వ్యాప్తి తగ్గిందని చూపించాడు. తర్వాత న్యూయార్క్ పల్లె బడుల్లో చేస్తే అంత స్పష్టమైన ఫలితం రాలేదు, ఆ పిల్లలు బడి బస్సుల్లో కూడా కలిసి తిరిగేవారు. దీపం తన గదికే పూచీ పడగలదు. ఆ పద్ధతికి నేల నుంచి ఏడడుగుల పైన, మనుషుల తలలకు తగలకుండా, వెలుగు పరుచుకునేంత ఎత్తు కావాలి, కింది గాలిని పైకి చేర్చే ఫ్యాన్లు తిరగాలి. మన కల్యాణ మండపాలకు రెండూ ఉంటాయి.

కొత్తగా వస్తున్న 222 నానోమీటర్ల క్రిప్టాన్ క్లోరైడ్ దీపాలు మనుషులున్నప్పుడే వెలిగించడానికి ఉద్దేశించినవి. ప్రోటీన్లు ఆ వెలుగును ఎంత గట్టిగా పీల్చుకుంటాయంటే, మన చర్మం పైనున్న మృతకణాల పొరలోనే అది ఆగిపోతుంది. పొడవులో మైక్రోమీటరులో పదో వంతుండే వైరస్‌ను మాత్రం అవలీలగా దాటుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయం బృందం 2020లో గాలిలో తేలే రెండు రకాల సాధారణ కరోనా వైరస్‌లను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీజౌళ్ల లోపు మోతాదుతోనే 99.9 శాతం తగ్గించింది. ఈ దీపం మీద నాకు ఆశ ఉంది, ఒక అనుమానమూ ఉంది. 242 నానోమీటర్ల కంటే పొట్టి వెలుగు ఆక్సిజన్‌ను చీల్చి కొద్దికొద్దిగా ఓజోన్‌ను తయారుచేస్తుంది. అగరుబత్తులు, అత్తర్లు, పూలదండలు, వంటల ఆవిరి నిండిన మూసిన హాలులో ఆ ఓజోన్ వాటితో కలిసి ఇంకేవో పదార్థాలను పుట్టిస్తుంది. అందువల్ల ఆ దీపం పెట్టినవాళ్లు బయటి గాలి రావడానికి దారి కూడా ఉంచాలి, అసలు కిరాయి ఎక్కువ తీసుకునే ఏసీ హాలు యజమానులు దానికి ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.